ఉపగ్రహాల డేటా చూసి సౌర తుపాను ఎప్పుడొస్తుందో మీరే అంచనా వేయడం ఎలా?

"ఎక్స్ క్లాస్ ఫ్లేర్ వచ్చిందట, రెండ్రోజుల్లో సౌర తుపానేనా?" సూర్యుడి మీద కాస్త పెద్ద పేలుడు జరిగిన ప్రతిసారీ ఇదే ప్రశ్న వస్తోంది. అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు. కానీ జవాబు వెతుక్కోవడానికి కావాల్సిన డేటా దాదాపు అంతా ఉచితంగానే దొరుకుతుంది, అదీ నిపుణులు చూసే డేటానే. దాన్ని ఏ వరుసలో చూడాలి, ఎక్కడ బోల్తా పడతాం అన్నదే ఇక్కడ చెప్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం. మీరు వేయబోయేది ఒక అంచనా కాదు, రెండు. పేలుడులో సూర్యుడు విసిరే ప్లాస్మా (విద్యుదావేశమున్న కణాల) మేఘం భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేస్తే అదే సౌర తుపాను. ఆ మేఘం మనవైపు వస్తోందా, వస్తే ఎప్పుడు అన్నది మొదటిది. దీన్ని సూర్యుడి ఫొటోలు చూసి ఒకటి నుంచి నాలుగు రోజుల ముందే చెప్పొచ్చు. ఎంత గట్టిగా తగులుతుంది అన్నది రెండోది. ఇది ఫొటోల్లో కనిపించదు, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపు ఉన్న ఎల్1 అనే చోటి దగ్గరి ఉపగ్రహాలను ఆ మేఘం దాటినప్పుడే తెలుస్తుంది, అంటే గంట ముందు, ఒక్కోసారి అరగంట ముందు. కవరు మీద అడ్రసు చూసి లోపల ఉత్తరంలో ఏముందో చెప్పలేం కదా, ఇదీ అంతే. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే "భారీ తుపాను రాబోతోంది" అనే హెడ్డింగుల్లో సగం తుస్సుమంటాయి.

కావాల్సినవి

- కంప్యూటర్, బ్రౌజర్. ఫోన్‌లో చూడటం వరకు పర్లేదు, కొలతలు తీయడం మాత్రం నరకం.
- అమెరికా నోవా సంస్థకు చెందిన స్పేస్ వెదర్ ప్రిడిక్షన్ సెంటర్ వెబ్‌సైట్. గోస్ ఉపగ్రహాల ఎక్స్‌రే, ప్రోటాన్ గ్రాఫులు, ఎల్1 నుంచి వచ్చే సౌర గాలి (సూర్యుడి నుంచి నిరంతరం వీచే కణాల ప్రవాహం) డేటా, భూమి అయస్కాంత అలజడిని కొలిచే కేపీ సూచిక అన్నీ ఒకేచోట ఉంటాయి.
- హీలియోవ్యూయర్. ఎస్‌డీవో, సోహో అనే ఉపగ్రహాలు తీసిన సూర్యుడి ఫొటోలను మీకు కావాల్సిన టైముకి తెరిచి, ఒకదానిమీద ఒకటి పెట్టి వీడియోలాగా నడిపించుకోవచ్చు.
- కరోనాగ్రాఫ్ ఫొటోలు. ఈ కెమెరా సూర్యుడి బింబాన్ని కప్పేసి చుట్టూ ఉన్న కరోనాను, అంటే సూర్యుడి బయటి వాతావరణాన్ని చూపిస్తుంది. 1995 డిసెంబరులో వెళ్లిన సోహో మీది లాస్కో సీ2, సీ3 కెమెరాలు, 2024 జూన్‌లో వెళ్లిన గోస్-19 మీది సీకోర్-1. రెండింట్లో ఏది తాజాగా ఉంటే అది.
- నాసా డాంకీ డేటాబేస్. ఇది మీ లెక్క సరిచూసుకోవడానికి. ముందే తెరిస్తే మీ అంచనా తెలియకుండానే అటు ఒరిగిపోతుంది.
- స్కేలు, క్యాలిక్యులేటర్, ఒక స్ప్రెడ్‌షీట్.

మన ఆదిత్య-ఎల్1 సంగతేంటని చాలామంది అడుగుతారు. 2023 సెప్టెంబరు 2న వెళ్లి 2024 జనవరి 6న ఎల్1 కక్ష్యలో కుదురుకుంది. కరోనాను చూసే వెల్క్ నుంచి సౌర గాలిని, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరాల దాకా ఏడు ఉన్నాయి. దాని డేటాను ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో పెడుతుంది. జరిగిపోయిన సంఘటనలను వెనక్కెళ్లి చదువుకోవడానికి అది బంగారం. అప్పటికప్పుడు అంచనా వేయాలంటే మాత్రం పైన చెప్పినవే తేలిక.

హెచ్చరిక: ఇది నేర్చుకోవడానికి. మీ ఉద్యోగం విమానాలతోనో, విద్యుత్ గ్రిడ్‌తోనో, ఉపగ్రహాలతోనో ముడిపడి ఉంటే అధికారిక హెచ్చరికల మీదే ఆధారపడండి.

ఇంకో సంగతి, ఈ సైట్లన్నీ యూటీసీలోనే, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలోనే నడుస్తాయి. మీ నోట్స్ కూడా యూటీసీలోనే రాయండి. లోకల్ టైము, యూటీసీ కలగలిపి రాసిన నోట్స్ రెండో రోజుకే పనికిరాకుండా పోతాయి.

1. ముందు ఇవాళ్టి సూర్యుణ్ని చూడండి

ఎస్‌డీవో ఫొటోల్లో రెండు చాలు: హెచ్ఎంఐ మ్యాగ్నెటోగ్రామ్, ఏఐఏ 193 ఆంగ్‌స్ట్రామ్. మొదటిది నలుపు తెలుపుల్లో అయస్కాంత ధ్రువాలను చూపిస్తుంది. తెలుపు, నలుపు మచ్చలు విడివిడిగా చెరోపక్క ఉంటే ఆ ప్రాంతం సాధారణంగా నెమ్మదిగానే ఉంటుంది. రెండూ ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోయి చిక్కుపడి ఉంటే, నివేదికల్లో దాని పక్కన డెల్టా అని రాసి ఉంటే, దాని మీద కన్నేసి ఉంచండి. సూర్యుడి అంచుకు దగ్గరగా ఉన్న మచ్చల విషయంలో మాత్రం మ్యాగ్నెటోగ్రామ్‌ను నమ్మకండి. వంపు వల్ల అక్కడ లేని ధ్రువం ఉన్నట్టు కనిపిస్తుంది.

ఈ ఫొటోల్లో తూర్పు ఎడమవైపు ఉంటుంది, భూమి మ్యాపుకి రివర్స్. మచ్చలు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. కొత్తవాళ్లు మొదటి వారమంతా దీంతోనే తికమకపడతారు.

రెండో ఫొటో అతినీలలోహిత కాంతిలో తీసింది, 193 అన్నది ఆ కాంతి తరంగదైర్ఘ్యం. అందులో నల్లగా, పెద్దగా కనిపించేవి కరోనల్ హోల్స్. అక్కడి నుంచి సౌర గాలి వేగంగా వస్తుంది. అలాంటిది సూర్యుడి మధ్య గీత దాటితే రెండు నుంచి నాలుగు రోజుల్లో ఆ గాలి మనల్ని తాకొచ్చు. ఇది పేలుడు కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, కానీ చిన్నాచితకా తుపాన్లలో చాలా వాటికి కారణం ఇదే. మనవైపు నుంచి చూస్తే సూర్యుడు తిరగడానికి సుమారు 27 రోజులు పడుతుంది. కాబట్టి 27 రోజుల కిందటి సౌర గాలి గ్రాఫ్ తెరిచి చూడండి. అదే హోల్ అప్పుడేం చేసిందో అక్కడే ఉంటుంది.

తరచుగా జరిగే పొరపాటు: ఫిలమెంట్‌ను కరోనల్ హోల్ అనుకోవడం. ఫిలమెంట్ అంటే సూర్యుడి పైన వేలాడే చల్లటి ప్లాస్మా తాడు. 193లో రెండూ నల్లగానే ఉంటాయి. 304 ఆంగ్‌స్ట్రామ్‌కి మార్చి చూడండి, అక్కడా సన్నటి నల్లటి తాడులా స్పష్టంగా ఉంటే అది ఫిలమెంట్. ఇంకా అనుమానంగా ఉంటే మ్యాగ్నెటోగ్రామ్‌తో పోల్చండి. హోల్ కింద ఎక్కువగా ఒకే ధ్రువం ఉంటుంది, ఫిలమెంట్ రెండు ధ్రువాల మధ్య సరిహద్దు వెంట ఉంటుంది.

2. ఎక్స్‌రే గ్రాఫ్ చూడండి, కానీ అక్కడే ఆగిపోకండి

గోస్ గ్రాఫులో సి, ఎం, ఎక్స్ అని తరగతులుంటాయి. ఒక్కో తరగతి ముందుదానికి పది రెట్లు. ఎం1 అంటే ఆర్1 స్థాయి రేడియో బ్లాకౌట్ (రేడియో సంకేతాలు తెగిపోవడం), ఎం5 అంటే ఆర్2, ఎక్స్1 అంటే ఆర్3. ఈ బ్లాకౌట్ పగలున్న వైపు మాత్రమే, అదీ వెంటనే. ఆ కాంతి మనల్ని చేరడానికి ఎనిమిది నిమిషాల చిల్లర పడుతుంది. మీరు గ్రాఫులో చూసేసరికే అది జరిగిపోయి ఉంటుంది, ఇక అంచనా వేయడానికేమీ లేదు.

మీరు నోట్ చేసుకోవాల్సినవి మూడు: మొదలైన టైము, శిఖరం టైము, దిగిన తీరు. సూదిలా లేచి పది నిమిషాల్లో పడిపోయిందా, గంటల తరబడి మెల్లగా దిగిందా? మెల్లగా దిగిన వాటితోనే సీఎంఈ, అంటే ప్లాస్మా మేఘం, బయటపడే అవకాశం ఎక్కువ. తరగతి పెద్దదైనంత మాత్రాన మేఘం వస్తుందని కాదు. 2014 అక్టోబరులో 12192 అనే భారీ మచ్చ ఆరు ఎక్స్ క్లాస్ ఫ్లేర్లు పేల్చింది, చెప్పుకోదగ్గ మేఘం మాత్రం దాదాపు ఏమీ విసరలేదు.

పాత రికార్డులతో పోల్చేవాళ్లకి ఒక మాట: గోస్-15 వరకు అప్పట్లో ప్రకటించిన విలువలను ఇప్పటివాటితో పోల్చాలంటే 0.7తో భాగించాలి. ఇది తెలియకుండా "2003 తర్వాత అతిపెద్దది" లాంటి జాబితాలు తయారుచేస్తే లెక్క తప్పుతుంది.

గ్రాఫులో మార్చి, సెప్టెంబరు చుట్టుపక్కల రోజూ కాసేపు గ్యాప్ కనిపిస్తే కంగారు పడొద్దు. ఆ రోజుల్లో ఉపగ్రహం భూమి నీడలోకి వెళ్తుంది. ఎస్‌డీవో ఫొటోలకూ ఏడాదికి రెండుసార్లు ఇదే సమస్య.

3. మేఘం బయటికొచ్చిందా?

ఇప్పుడు కరోనాగ్రాఫ్. సీ2 సుమారు ఆరు సౌర వ్యాసార్ధాల దాకా, సీ3 ముప్పై దాకా చూపిస్తుంది. ఫ్లేర్ టైము నుంచి మూడు నాలుగు గంటల ఫొటోలు వరసగా నడపండి. మామూలు ఫొటోల్లో సరిగ్గా తెలియకపోతే రన్నింగ్ డిఫరెన్స్ ఆప్షన్ పెట్టండి. ప్రతి ఫొటోలోంచి ముందు ఫొటోను తీసేసి కదిలిందేదో అదొక్కటే చూపిస్తుంది.

మేఘం ఒకవైపుకే పోతుంటే చాలావరకు మనకి సంబంధం లేదు. సూర్యుడి చుట్టూ ఉంగరంలా అన్ని వైపులా పరుచుకుంటే దాన్ని హేలో అంటారు. అది మన వైపు రావడమో, సరిగ్గా మనకి వ్యతిరేక దిశలో పోవడమో అయి ఉండాలి. రెండూ ఫొటోలో ఒకేలా కనిపిస్తాయి.

మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. ఫ్లేర్ తర్వాత ఫొటో నిండా తెల్లటి చుక్కలు మంచులా కురిస్తే అది మేఘం కాదు, ప్రోటాన్లు కెమెరా సెన్సర్‌ని కొడుతున్నాయి. అడ్డంగా గీతతో మెరిసేది గ్రహం. తోకతో సూర్యుడివైపు దూసుకెళ్లేది తోకచుక్క, సోహో ఫొటోల్లో ఇప్పటికి 5,000కి పైగా దొరికాయి. తాజా ఫొటోలు ఇంకా రాలేదని "మేఘం లేదు" అని రాసేయకండి. ఒక్కోసారి గంటల తరబడి ఆలస్యమవుతాయి. అప్పుడు "తెలియదు" అని రాసుకుని ఆగండి.

4. ముందువైపుదా, వెనకవైపుదా?

మేఘం బయల్దేరిన టైముకి గంట ముందు నుంచి ఎస్‌డీవో వీడియో నడపండి. 193లో పేలుడు చోటు నుంచి అలలాంటిది వ్యాపించిందా, చుట్టుపక్కల కొంత భాగం హఠాత్తుగా చీకటిపడిందా, 304లో ఫిలమెంట్ ఎగిరిపోయిందా చూడండి. వీటిలో ఒక్కటి దొరికినా ముందువైపుదనే అనుకోవచ్చు. ఏమీ దొరక్కపోతే బహుశా వెనకవైపుది. బహుశా అని ఎందుకన్నానంటే, కింద ఏ ఆనవాలూ లేకుండా జారుకునే మేఘాలూ ఉన్నాయి, స్టెల్త్ సీఎంఈ అంటారు. పక్కనుంచి చూసే స్టీరియో-ఏ ఉపగ్రహం ఫొటోలు ఇక్కడ సాయపడతాయి. కాకపోతే దాని స్థానం మారుతూ ఉంటుంది, 2023 ఆగస్టులో అది భూమికి సూర్యుడికి మధ్యగా వెళ్లిపోయింది. అలాంటప్పుడు అది చూపించేదీ మనకి ఇక్కణ్నుంచి కనిపించేదీ ఒకటే.

పేలుడు మధ్యలో జరిగింది కాబట్టి మేఘం నేరుగా మన మీదికే వస్తుందని తేల్చేయకండి. 2014 జనవరి 7 నాటి ఎక్స్1.2 పేలుడు సూర్యుడి మధ్యకు చాలా దగ్గరలోనే జరిగింది, మేఘమూ చాలా వేగంగా బయల్దేరింది, గట్టి తుపాను వస్తుందన్నారు. తీరా చూస్తే మేఘం పక్కకు తిరిగిపోయి భూమిని అంచుతో రాసుకుంటూ పోయింది. అందుకే హేలో సమానంగా ఉందా, ఒకవైపే దట్టంగా ఉందా అన్నది తప్పకుండా రాసుకోండి.

5. వేగం కొలవండి

అన్నిటికంటే మజా వచ్చే అడుగు ఇది, తప్పులు ఎక్కువ జరిగేదీ ఇక్కడే.

లాస్కో ఫొటో మధ్యలో ఒక తెల్లటి వలయం గీసి ఉంటుంది. అది సూర్యుడి అసలు సైజు. సీ3 ఫొటోని స్క్రీన్ మీద పెద్దది చేసి ఆ వలయం వ్యాసాన్ని స్కేలుతో కొలవండి. ఉదాహరణకి 8 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. అంటే ఒక సౌర వ్యాసార్ధం 4 మిల్లీమీటర్లు, నిజంలో అది 6,96,000 కిలోమీటర్లు.

ఇప్పుడు మేఘం ముందు అంచు అన్నిటికంటే వేగంగా కదిలే దిక్కు ఎంచుకుని సూర్యుడి మధ్య నుంచి దూరం కొలవండి. 03:18కి 28 మిల్లీమీటర్లు, అంటే 7 వ్యాసార్ధాలు. 05:06కి 68 మిల్లీమీటర్లు, అంటే 17. ఈ మధ్యలో 10 వ్యాసార్ధాలు కదిలింది, 69.6 లక్షల కిలోమీటర్లు. పట్టిన టైము 108 నిమిషాలు, 6,480 సెకన్లు. భాగిస్తే సెకనుకి సుమారు 1,074 కిలోమీటర్లు.

పక్కపక్క ఫొటోలు రెండు తీసుకుని ఇదే లెక్క వేస్తే ఏమవుతుందో చూడండి. ఫొటోల మధ్య 12 నిమిషాలే ఉంటాయి. స్కేలు మీద ఒక్క మిల్లీమీటరు తేడా పడినా వేగంలో సెకనుకి 240 కిలోమీటర్ల తప్పు వస్తుంది! అందుకే కనీసం గంటన్నర ఎడం ఉన్న ఫొటోలు తీసుకోండి, మధ్యలో ఇంకో రెండు మూడు చోట్ల కూడా కొలిచి, చుక్కలు ఒక గీత మీదే పడుతున్నాయో లేదో సరిచూడండి. జూమ్ మార్చితే వలయాన్ని మళ్లీ కొలవాలి, ఇది మర్చిపోయేవాళ్లు చాలామంది.

ఇప్పుడు ప్రయాణం. భూమికి దూరం 15 కోట్ల కిలోమీటర్లు. 1,074తో భాగిస్తే దాదాపు 39 గంటలు. కానీ దారిలో మామూలు సౌర గాలి సెకనుకి 400 కిలోమీటర్ల దగ్గర వీస్తూ ఉంటుంది, వేగంగా వచ్చే మేఘాన్ని అది వెనక్కి లాగుతుంది. కాబట్టి ఇలాంటి దానికి 45 నుంచి 50 గంటలు వేసుకోండి. నెమ్మదైన మేఘాలకి ఇది తిరగబడుతుంది: 350 వేగంతో బయల్దేరింది నేరు లెక్కలో ఐదు రోజులు, కానీ గాలి తోసుకురావడంతో నాలుగు, నాలుగున్నర రోజుల్లోనే చేరొచ్చు.

హేలో విషయంలో మీరు కొలిచింది అది పక్కలకి పరుచుకునే వేగం. మనవైపు వచ్చే అసలు వేగం ఫొటోలో కనిపించదు. దీన్ని మనసులో పెట్టుకుని కింది అడుగులో కిటికీ, అంటే మేఘం ఎప్పటి నుంచి ఎప్పటిలోగా రావొచ్చన్న టైము పరిధి, కాస్త వెడల్పుగానే పెట్టండి.

6. అంచనా రాసి పెట్టండి

"10వ తేదీ 18:00కి వస్తుంది" అని రాయకండి. "10వ తేదీ 06:00 నుంచి 11వ తేదీ 06:00 మధ్య" అని రాయండి. పెద్ద కంప్యూటర్ల మీద నడిచే ఎన్లిల్ లాంటి మోడళ్లే సగటున పది గంటల చొప్పున అటూ ఇటూ అవుతుంటే స్కేలు పట్టుకున్న మనం గంట లెక్క చెప్పడం అతి అవుతుంది. రాశాక, అప్పుడు డాంకీ తెరవండి. వేగంలో మీకూ వాళ్లకీ 200 దాకా తేడా ఉంటే పర్లేదు. రెండింతలు తేడా ఉంటే మీరు వేరే మేఘాన్ని కొలిచి ఉంటారు, లేదా వలయం కొలత తప్పి ఉంటుంది.

ఒకదాని వెనక ఒకటి మేఘాలు వస్తుంటే ఈ లెక్క చెడిపోతుంది. ముందువి దారి ఊడ్చేసి వెళ్తాయి, వెనకవి అనుకున్నదానికంటే త్వరగా వచ్చి ముందువాటితో కలిసిపోతాయి. 2024 మే నెలలో 13664 మచ్చ చేసిందదే. అప్పుడు జీ4 హెచ్చరిక (తుపాన్లను జీ1 నుంచి జీ5 దాకా లెక్కిస్తారు) ఇచ్చారు, 2005 తర్వాత అలాంటిది అదే మొదటిసారి. తీరా మే 10న తగిలింది జీ5, 2003 అక్టోబరు తర్వాత ఆ స్థాయి మళ్లీ అప్పుడే. అంత అనుభవమున్నవాళ్లు అంత దగ్గరగా చెప్పగలిగారంటే నా దృష్టిలో అది గొప్పే.

ప్రోటాన్ గ్రాఫు కూడా ఈ టైములో ఒకసారి చూడండి. 10 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గీత 10 దాటితే ఎస్1, అంటే రేడియేషన్ తుపాను మొదటి స్థాయి. సూర్యుడి కుడివైపు, అంటే పడమర భాగంలో జరిగిన పేలుళ్లకే ఇది ఎక్కువ. అక్కణ్నుంచి వచ్చే అయస్కాంత రేఖలు వంపు తిరిగి మన దగ్గరికి చేరతాయి.

7. ఎల్1 దగ్గర కాపు కాయండి

మీ కిటికీ మొదలవగానే రియల్ టైమ్ సౌర గాలి గ్రాఫు తెరిచి పెట్టుకోండి. 1997లో వెళ్లిన ఏస్, 2015లో వెళ్లిన డిస్కవర్ ఈ డేటా పంపుతూ వచ్చాయి. కొత్తగా ఎస్‌డబ్ల్యూఎఫ్‌ఓ-ఎల్1 కూడా 2025 సెప్టెంబరులో బయల్దేరింది.

మేఘం ముందున్న షాక్ వచ్చిందని ఎలా తెలుస్తుంది? వేగం, సాంద్రత, ఉష్ణోగ్రత, మొత్తం అయస్కాంత క్షేత్రం బీటీ, నాలుగూ ఒకే నిమిషంలో మెట్టు ఎక్కినట్టు పైకి లేస్తాయి. ఒక్క సాంద్రత మాత్రమే ఎగిరితే అది షాక్ కాదు. గీత తెగిపోయి మళ్లీ ఇంకో ఎత్తులో మొదలైతే పైన ఉపగ్రహం పేరు మారిందేమో చూడండి.

షాక్ చూశాక భూమికి ఎంత టైముందో ఇలా చూసుకోండి:

- వేగం 400 అయితే దాదాపు 62 నిమిషాలు
- 600 అయితే 42 నిమిషాలు
- 800 అయితే 31 నిమిషాలు

ఇక చూడాల్సింది ఒక్కటే, బీజడ్, అంటే సౌర గాలి అయస్కాంత క్షేత్రంలో ఉత్తర-దక్షిణ దిశలో ఉండే భాగం. అది మైనస్‌లోకి, అంటే దక్షిణానికి తిరిగితే భూమి అయస్కాంత కవచం తెరుచుకుంటుంది. మైనస్ 10 నానోటెస్లాల కిందకి పోయి కొన్ని గంటలు అక్కడే ఉంటే తుపాను గ్యారంటీ అనుకోవచ్చు. ప్లస్‌లో ఉంటే ఎంత వేగంగా వచ్చిన మేఘమైనా చాలావరకు ఊరికే పోతుంది. ఐదు నిమిషాలు మైనస్ 15 చూపించి మళ్లీ పైకొస్తే దానికి టెన్షన్ పడాల్సిన పనిలేదు. అలాగే మొదటి మూడు గంటలు ప్లస్‌లో ఉందని గ్రాఫు మూసేయకండి. ముందొచ్చేది మేఘం నెట్టుకొచ్చిన చెత్త మాత్రమే, అసలు మేఘం ఆ వెనకాల వస్తుంది, అందులో బీజడ్ మళ్లీ తిరగొచ్చు.

ఫలితం సరిచూసుకోవడం

తుపాను స్థాయికి కేపీ చూడండి: 5 అంటే జీ1, 6 జీ2, 7 జీ3, 8 జీ4, 9 అంటే జీ5. కేపీ మూడు గంటల బ్లాకుకి ఒకటి చొప్పున వస్తుంది కాబట్టి షాక్ తగిలిన నిమిషానికే అది లేవదు. జీ1ని చిన్నదని తీసిపారేయకండి కూడా. 2022 ఫిబ్రవరిలో అలాంటి ఓ మోస్తరు తుపానుకే పై వాతావరణం ఉబ్బి, అప్పుడే ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 కిందికి పడి కాలిపోయాయి.

స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి మేఘానికీ ఒక వరస: బయల్దేరిన టైము, మీ వేగం, మీ కిటికీ, నిజంగా షాక్ వచ్చిన టైము, బీజడ్ కనిష్ఠం, కేపీ గరిష్ఠం. రాలేదా? ఆ వరస కూడా ఉంచండి. వస్తుందని రాసి రానివి, రాదని రాసి వచ్చినవి, రెండూ విడిగా లెక్కపెట్టండి. ప్రతి హేలోకీ "వస్తుంది" అని రాసేస్తే ఒక్కటీ మిస్సవ్వరు, కానీ ఆ అంచనాతో ఎవరికీ ఉపయోగం ఉండదు.

టైములో తప్పులన్నీ ఒకే వైపు పడుతుంటే, అంటే ఎప్పుడూ మీరనుకున్నదానికంటే త్వరగానే వస్తుంటే, గాలి లాగుడుకి మీరు కలిపే గంటలు ఎక్కువయ్యాయని అర్థం, తగ్గించండి. ఒకసారి అటు, ఒకసారి ఇటు పడుతుంటే ఆ గంటల జోలికి పోకండి, కొలతలు తీసే పద్ధతి చూసుకోండి. నోవా వెంటనే చూపించే కేపీ అంచనా విలువ మాత్రమే, ఖరారు చేసిన విలువలు జర్మనీలోని పోట్స్‌డామ్ జీఎఫ్‌జెడ్ సంస్థ తర్వాత ఇస్తుంది. అవి వచ్చాక కేపీ గడి సరిదిద్దుకోండి. మీ కిటికీ గడిని మాత్రం ముట్టుకోవద్దు.